ఆరో గుంజ దగ్గర పడవ

సరంగమ్మకి రెండు పడవలుండేవి. ఒకటి నడిచేది, ఒకటి నడవనిది. పొద్దున్నే లేచి ఆమె ముందు చూసుకునేది నడవనిదాన్నే.

ఊరి రేవు పొడవునా పడవలు కట్టుకోవడానికి పన్నెండు గుంజలు పాతి ఉన్నాయి. ఆరో గుంజ దగ్గర, మెట్టుకి ఆనించి, ముందొక తాడూ వెనకొక తాడూ బిగించి, జానెడు కూడా అటూ ఇటూ జరగకుండా కట్టిన పాత పడవ అది. వాళ్ళ నాన్న నడిపినది. అడుగున మూడు చోట్ల కారేది. రాత్రి ఊరిన నీళ్ళు తెల్లారేసరికి పిక్కల దాకా ఉండేవి. సరంగమ్మ రేకుడబ్బా తీసుకుని ఆ నీళ్ళన్నీ తోడి పోసి, అడుగు తుడిచి, తాళ్ళు లాగి చూసుకుని, అప్పుడు గానీ మొహం కడుక్కునేది కాదు. తోడుతున్నంతసేపూ కళ్ళు పడవలోనే. అంచు దాటి అవతలి నీళ్ళ మీదికి చూపు జారనిచ్చేది కాదు. ఇరవైరెండేళ్ళ నుంచీ ఇదే వరస.

ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిందే. ఆ పడవ కింద ఆమె చెల్లెలు ఉంది.

చెల్లెలంటే మనిషి కాదు, బొమ్మ. ఆ ఊరివాళ్ళెవరైనా ఊరొదిలి వెళ్ళిపోతే నీళ్ళలో వాళ్ళ బొమ్మ మాత్రం ఉండిపోయేది. రోజూ రేవులో ఎక్కడ కూర్చునేవాళ్ళో అక్కడే, వెళ్ళిననాటి వయసుతో, వెళ్ళిననాటి బట్టలతో. పైన మెట్టు చూస్తే ఖాళీ. కింద నీళ్ళలో చూస్తే అదే మెట్టు మీద చెప్పులు కుట్టేవాడు చెప్పు తిరగేసి చూసుకుంటూ ఉండేవాడు, పక్కన అత్తాకోడళ్ళు ఎడమొహం పెడమొహంగా బట్టలు ఉతుకుతూ ఉండేవాళ్ళు. ఎక్కడో దూరాన ఆ మనిషి పోతే ఇక్కడ బొమ్మా పోయేది. నీళ్ళు తేటపడి అడుగున గులకరాళ్ళు కనిపించేవి. రేవుకొచ్చిన వాళ్ళెవరో అది చూసి, ఆ ఇంటి తలుపు తట్టి చెప్పేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు ఏడవడం కూడా అయిపోయాక, పది రోజులకి తీరిగ్గా ఉత్తరం వచ్చేది.

సరంగమ్మకి చదువు అంతంత మాత్రం. తన పేరు ముగ్గేసినట్టు వేసేది, మూడో అక్షరం దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టేది. పని విషయంలో మాత్రం ఆమెకి వంక పెట్టిన మొనగాడు లేడు. ఆమె పడవలో నిలబడకూడదు, నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు, అవతలి ఒడ్డు ఇంకెంతసేపని అడగకూడదు. మూడోది మిగతా రెంటికంటే పెద్ద తప్పు. ఇక పగ పట్టిందంటే పట్టిందే. మర్చిపోవడం మతిలేనివాళ్ళ పని అనేది. ఆమె పడవ నడిపే గడ అడిగి తీసుకుని విరగ్గొట్టిన చేపలాయన చచ్చిపోయి తొమ్మిదేళ్ళయినా, ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సొస్తే ఇప్పటికీ మొహం తిప్పుకునే వెళ్ళేది.

అలాంటి మనిషికి సొంత చెల్లెలు చేసిన పని ఒకటుంది.

వంతెన లేని రోజులవి. రేవులో పది పడవలు తిరిగేవి, పదింటికీ సరంగమ్మ మాటే మాట. చెల్లెలు ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఆ అమ్మాయికి చదవడం బాగా వచ్చు. ఇంటికి ఏ కాగితమొచ్చినా అక్క అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది, చెల్లెలు చదివి వినిపించేది. ఒకరోజు టౌను ఆఫీసు గుమాస్తా ఒక కాగితం పట్టుకొచ్చాడు. చెల్లెలు దాన్ని చదివింది. రేవు మెట్లు పగిలిపోయాయి, మరమ్మతు చేయించండి అని అర్జీ అక్కా, అంది. సరంగమ్మ తన పేరు వేసింది. ఆమె వేసింది కదా అని మిగతా తొమ్మిది మందీ వేశారు. గుమాస్తా నేల చూపులు చూస్తూ కాగితం మడిచి పట్టుకుపోయాడు.

ఎనిమిది నెలల తర్వాత నదిలో స్తంభాలు లేచాయి. పడవలవాళ్ళందరూ ఇష్టపడి వంతెన వెయ్యమన్నట్టు రాసిన కాగితమట అది.

చెల్లెలు బుకాయించలేదు. అంతకుముందు వానాకాలంలో నెలలు నిండిన ఒకామెని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే గాలి తిరిగి, సరంగమ్మ పడవ నడినదిలో గంటన్నర నిలిచిపోయింది. ఆమె తల చెల్లెలి ఒళ్ళోనే వాలిపోయింది. గాలి తిరిగితే మనమేం చేస్తామని అక్క అన్నది. చెల్లెలు ఆ రోజు కట్టుకున్న చీర ఉతకలేదు, కట్టలేదు, పారెయ్యలేదు.

“చదివింది తప్పే అక్కా. చేసింది తప్పు కాదు,” అంది చెల్లెలు.

“చదువురానిదానికి చదివి పెట్టడమంటే గుడ్డిదాన్ని చెయ్యి పట్టుకు నడిపించడమే. నువ్వు నన్ను తీసుకెళ్ళి గోతిలో దింపావు,” అంది సరంగమ్మ. అక్కచెల్లెళ్ళ మధ్య అదే ఆఖరి మాట.

వంతెన తెరిచిన రోజున, కుట్టుమిషను బండిలో వేయించుకుని దాని మీదుగా అవతలికి వెళ్ళిపోయిన మొదటి మనిషి చెల్లెలే. మూడోనాటికి ఆరో గుంజ దగ్గర నీళ్ళలో ఆమె బొమ్మ తేలింది, ఒళ్ళో గుడ్డ పెట్టుకుని కాజాలు కుడుతూ. ఆ సాయంత్రమే సరంగమ్మ నాన్న పడవని తోసుకొచ్చి దాని మీద అడ్డంగా కట్టేసింది. నీ మొహం నాకు అక్కర్లేదని చెప్పడానికి ఆమెకి వేరే భాష రాదు.

వంతెన వేస్తే జనం వస్తారని అందరూ అనుకున్నారు. వంతెనకి అవతలి కొస కూడా ఉంటుందని ఎవరికీ తట్టలేదు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉన్నారు. పది పడవలు ఒకటయ్యాయి. వంతెన చుట్టు తిరిగి రావడం ఇష్టంలేని నలుగురైదుగురిని అవతలి బస్టాపు దగ్గర ఎక్కించుకుని తేవడం, అంతే సరంగమ్మ పని. పైన వీధులు పలచబడే కొద్దీ కింద నీళ్ళు క్రిక్కిరిసిపోయాయి.

ఇలా ఉండగా ఊరికి కొత్త చైర్మనమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. ఊళ్ళో పుట్టిన పిల్లల్లో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే, ఆ సగంలో ముప్పాతిక మంది ఇప్పుడు నీళ్ళలో ఉన్నవాళ్ళే. ఊరి సంగతి పదిమందికీ తెలిస్తే గదా ఎవరైనా వచ్చేది అని ఆమె ఒక కరపత్రం అచ్చువేయించింది. రాసే పని గుమాస్తాది. “రండి, మా ఊళ్ళో ఉండండి. నది ఉంది. గాలి ఉంది. దులుపుకుని చేరిపోదగ్గ ఇళ్ళు మూడువందల పది ఉన్నాయి. పనికొచ్చే గోదాములు నాలుగున్నాయి. జనాభా పందొమ్మిదివందల డెబ్బైరెండు.” పైన రేవు ఫోటో. ఆ ఫోటోలో మెట్ల మీద ఒక్క కుక్క ఉంది. నీళ్ళలో మాత్రం తిరనాళ్ళే.

ఆ కరపత్రం చూసి గుండీలు చేసే కంపెనీ ఆయన ఒకడు కారేసుకుని వచ్చాడు. చొక్కాలకి కుట్టే గుండీలు. బజారంతా నడిచి, మూసిన కొట్లు చూసి, తెరిచిన రెండు కొట్లలో ఒకదాంట్లో టీ తాగి, గుమాస్తాని అడిగాడట. ఇళ్ళేమో మూడువందలు ఖాళీ అంటారు, జనమేమో రెండువేలంటారు, మరి ఆ జనమంతా ఎక్కడ పడుకుంటారండీ అని. గుమాస్తా తడుముకోకుండా ఆయన్ని రేవుకి తీసుకొచ్చి నీళ్ళు చూపించాడు. అందరినీ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టానండి, పైన నాలుగువందల పన్నెండు, కింద పదిహేనువందల అరవై అన్నాడు. ఊరి జనాభా రాయమంటే ఆ ఊళ్ళో ఎవరైనా అలాగే రాసేవాళ్ళు. వెళ్ళినంత మాత్రాన మనవాళ్ళు కాకపోతారా.

కంపెనీ ఆయన మెట్టు మీద గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఆ మూలనున్న ఆవిడ వేళ్ళు సన్నగా ఉన్నాయి, గుండీలు ఏరడానికి పనికొస్తుంది అన్నాడు. వీళ్ళు బయటికి వస్తారా అని అడిగాడు. రారని, కానీ అందరూ బతికే ఉన్నారని, తలా ఒకచోట ఉన్నారని చైర్మనమ్మ చెప్పింది.

“అయితే పిలిపించండి. నాకు నూట ఇరవై మంది చాలు. ముప్పై నలభై మందితో మొదలుపెట్టినా ఫరవాలేదు. కోతలు అయ్యేసరికల్లా మనుషులు కనపడితే మీ గోదాములో మిషన్లు దించుతా. లేకపోతే ఇంకో ఊరు చూసుకుంటా,” అని కారెక్కి వెళ్ళిపోయాడు.

ఇక ఊరికి కాలు నిలవలేదు. ఎవరెవరు బొమ్మగా ఉన్నారో చూసి జాబితా రాయాలి, జాబితాలో ఉన్నవాళ్ళకి ఉత్తరాలు వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు ఎవరెక్కడికి పోతున్నదీ ఆఫీసులో రాయించుకుని పోవడం అక్కడి అలవాటు కాబట్టి చిరునామాలకి లోటు లేదు. చైర్మనమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. నీళ్ళు తేటగా ఉన్నచోట ఎవరి పేరూ రాయొద్దు. పోయినవాళ్ళ గుమ్మంలో “తిరిగి రండి” అని మన ఉత్తరం పడితే ఆ ఇంట్లోవాళ్ళు ఎలా చదువుకుంటారు అని.

గుమాస్తా అట్టకి కాగితాలు బిగించుకుని ఒకటో గుంజ దగ్గర మొదలుపెట్టాడు. నాలుగు రోజులకి ఐదో గుంజ దాకా వచ్చాడు. అక్కడ ఆగి, దగ్గి, నిలబడ్డాడు.

సరంగమ్మ అతనితో మాట్లాడక ఇరవైరెండేళ్ళు. అతను పడవెక్కితే పక్కవాళ్ళతో చెప్పించేది, ఆ గుమాస్తాని మధ్యలోకి జరగమనండి అని. పక్కన ఎవరూ లేకపోతే గడతో చెప్పేది. ఆవేళ కూడా గడ వైపే తిరిగి, పాత పడవ జోలికి ఎవరైనా వస్తే నీ బలమెంతో చూపించవే, అంది. గుమాస్తా ఆరు వదిలేసి ఏడుకి పోయాడు.

పన్నెండూ అయిపోయాయి. ఆరు మిగిలింది. చైర్మనమ్మ స్వయంగా వచ్చి మెట్టు మీద కూర్చుంది. మీ చెల్లెలు కాజాలు కుట్టేది గదా, గుండీల కంపెనీకి ఆమెకంటే కావలసినవాళ్ళు ఎవరు, ఒక్కసారి పడవ జరపండి సరంగమ్మా, చూసి మళ్ళీ కట్టేసుకుందురుగాని అని నచ్చచెప్పింది.

“రాయాలనుంటే రాసుకోండమ్మా. పడవ ఎందుకు జరపడం?”

“చూడకుండా ఎలా రాస్తాం?”

“అయితే రాయొద్దు.”

చైర్మనమ్మ లేచి వెళ్ళిపోయింది. సరంగమ్మ ఆ రోజు ఎక్కినవాళ్ళందర్నీ తిట్టింది. బుట్టతో ఎక్కిన ముసలాయన్ని బుట్ట నిలబెట్టాడని కూడా తిట్టింది.

కోపం కాదది. ఆ పడవ అక్కడున్నంతకాలం చెల్లెలు దాని కింద ఉన్నట్టే. మిగతా ఊరికంతా తమవాళ్ళు ఉన్నారో పోయారో రేవుకొస్తే తెలుస్తుంది. తెలుసుకునే దారిని తన చేత్తోనే మూసుకున్నది ఆమె ఒక్కతే. మొదటి పదేళ్ళు ఆ సంగతి ఆమెకి తోచనే లేదు. తోచిన నాటి నుంచి పడవ జరపడానికి చేతులు రాలేదు.

మర్నాడు పొద్దున ఆమె నీళ్ళు తోడుతుంటే గుమాస్తా వచ్చి పై మెట్టు మీద నిలబడ్డాడు. జుట్టంతా నెరిసింది. మధ్యాహ్నం కవర్లు పోస్టుకి పోతున్నాయని గాలికి చెప్పినట్టు చెప్పాడు. ఆమె డబ్బా ఆపలేదు.

“ఆ రోజు ఆ కాగితంలో ఏముందో నాకూ తెలుసు. నోరు మెదపలేదు. దానికి నువ్వు నన్ను ఏం చేసినా పడతాను,” అన్నాడు. “కానీ ఇది మాత్రం పగ కాదు. నీకు భయం. ఉందో లేదో చూడాలంటే నీకు భయం, సరంగూ.”

ఆమెని పిరికిదన్నవాడు ఆ నదికి రెండు ఒడ్లలోనూ పుట్టలేదు. సరంగమ్మ డబ్బా విసిరి అవతల పారేసింది. వెనక తాడు విప్పింది. ముందు తాడు ముడి ఏళ్ళ తరబడి నీళ్ళకీ ఎండకీ బిగిసి రాయైపోయి ఉంది, దాన్ని కత్తితో కోసింది. మెట్టు మీద కూర్చుని రెండు పాదాలూ పడవ పక్కకి ఆనించి ఒక్క తోపు తోసింది. పడవ బరువుగా, ఇష్టం లేనట్టు, కొంచెం కొంచెంగా జరిగింది.

అలలు సర్దుకునేదాకా ఇద్దరూ కాచుకున్నారు.

ఏడో గుంజ దగ్గరి మనుషులు ఎప్పట్లాగే బట్టలు పిండుకుంటున్నారు. ఐదో గుంజ దగ్గర పంతులుగారు గొడుగు మూసి తెరిచి మూసి తెరిచి చూసుకుంటున్నారు. మధ్యలో పడవంత మేర నీళ్ళు. తేటగా ఉన్నాయి. అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. ఒక చిన్న చేప వచ్చి, అక్కడ ఎప్పుడూ ఎవరూ లేనట్టు, అడ్డంగా ఈదుకుంటూ పోయింది.

సరంగమ్మ చాలాసేపు చూసింది. ఎప్పుడు పోయింది, ఏ నెల, పొద్దునా సాయంత్రమా, ఏ రోగమొచ్చి. నిన్ననా, పదేళ్ళ కిందటా. వట్టి నీళ్ళ మీద నీడపట్టి ఎన్నేళ్ళు తోడింది తను. ఏడుద్దామంటే ఏ రోజుకి ఏడవాలో తెలియలేదు.

గుమాస్తా కలం జేబులో పెట్టుకోబోయాడు.

“రాయి,” అంది ఆమె. గడతో కాదు, అతనితోనే.

అతను నీళ్ళ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

“ఉంది. నేను చూశాను. రాయి.”

గుమాస్తా అట్ట మోకాలి మీద పెట్టుకున్నాడు. చెల్లెలి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో, ఆమెకి కనపడేలా, మెల్లిగా రాశాడు. రాసి చదివి వినిపించాడు. ఉన్నది ఉన్నట్టే చదివాడు. సరంగమ్మ తల ఊపింది.

ఆరో గుంజ దగ్గర నీళ్ళు తేటగా ఉండడం ఆ సాయంత్రానికి ఊరంతా చూసింది. జాబితాలో ఆ పేరుండడం చైర్మనమ్మ సంతకం పెడుతూ చూసింది. ఆ పేరుని ఎవరూ కొట్టేయలేదు. పాత పడవని సరంగమ్మ పన్నెండో గుంజ దగ్గరికి లాగి వదిలేసింది. తోడడం మానేసింది. రెండు రోజులకల్లా అది అంచుల దాకా నిండి, చప్పుడు చెయ్యకుండా కిందికి కూర్చుంది. పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తోచక ఆమె రేవులో ఊరికే అటూ ఇటూ తిరిగేది. కొట్టాయన పలకరిస్తే, పనీపాటా లేనివాళ్ళే పలకరింపులకి దిగుతారని కసిరేది.

ఉత్తరాలకి జవాబులొచ్చాయి. ఎక్కువమంది మంచిమాట చెప్పి రామన్నారు. నలభైరెండు మంది మాత్రం మూటాముల్లెతో వచ్చేశారు. వచ్చిన మనిషి వచ్చినట్టు నీళ్ళలో బొమ్మ చెదిరిపోయి, ఇప్పటి మొహం వచ్చి చేరేది. కొందరు మెట్ల మీద నిలబడి, చెదిరిపోబోతున్న తమ పాత మొహాన్ని చూసుకుని కళ్ళు తుడుచుకున్నారు. చెప్పులు కుట్టేవాడికి పళ్ళు లేవు. అత్తాకోడళ్ళలో కోడలే వచ్చింది. అత్త ఉన్నచోట నీళ్ళు ఎప్పుడో తేటపడ్డాయి. కోడలు ఆ పక్కనే కూర్చుని బట్టలుతుక్కునేది, కొంచెం చోటు వదిలి. కంపెనీ ఆయన మాట తప్పకుండా గోదాములో మిషన్లు దించాడు. పగలంతా గుండీలకి చిల్లులు పొడిచే టకటకలు రేవు దాకా వినిపించేవి.

గోదాము తెరిచిన మూడో వారంలో, ఎండ నడినెత్తిన ఉన్న వేళ, అవతలి బస్టాపులో ఒకమ్మాయి దిగింది. ఇరవై ఏళ్ళుంటాయి. భుజానికో సంచి, చేతిలో ఒక కవరు. పడవెక్కి కూర్చుని, కూర్చున్నాక అడిగింది, టౌను ఆఫీసుకి ఎలా వెళ్ళాలండీ అని.

సరంగమ్మ గడ వేసింది. చేతిలో అదేమిటంది.

“ఉత్తరమండీ. ఇక్కడ పని ఉంది, తిరిగి రమ్మని రాశారు. నాక్కాదు, మా అమ్మకి.” అమ్మాయి కవరు మీది పేరు తిప్పి చూపించింది. సరంగమ్మకి చదవక్కర్లేకపోయింది. ఆ అక్షరాల వంకరలన్నీ గుమాస్తా జాబితాలో రాస్తుండగా ఆమె చూసినవే. “అమ్మ పోయి నాలుగేళ్ళయింది. నేను ఇక్కడికి కబురు పెట్టలేదు, ఉందనుకుని రాసినట్టున్నారు. నాన్న అంతకు ముందే పోయాడు. నేను దర్జీ కొట్టు వెనకాల గదిలో ఉంటున్నా. పోస్టాయన తెచ్చిచ్చాడు. అమ్మ పేరున ఉత్తరమొచ్చి ఎంత కాలమైందో. రెండు రోజులు దిండు కింద పెట్టుకున్నా. తర్వాత అనిపించింది, అమ్మని రమ్మన్నారు, అమ్మ రాలేదు, నేనెళ్తే మాత్రం ఏమంటారులే అని.”

“ఏమీ అనరు,” అంది సరంగమ్మ.

నది సగం దాటారు. అమ్మాయి నీళ్ళలోకి చూస్తోంది గానీ చెయ్యి పెట్టలేదు. లేచి నిలబడలేదు. ఇంకెంతసేపని అడగలేదు. ఎవరు నేర్పారో తెలుస్తూనే ఉంది. చివరికి ఆ అమ్మాయే తల ఎత్తకుండా అంది.

“మీరే గదా పెద్దమ్మా.”

సరంగమ్మ గడ పైకి లాగి మళ్ళీ వేసింది. కాసేపటికి, ఎలా పోయిందని అడిగింది. గుండె అంది పిల్ల. ఏ వేళప్పుడని అడిగింది. తెల్లవారుజామున, ఐదింటికి. సరంగమ్మ ఆ వేళని మనసులో ఒకచోట పెట్టుకుంది. నాలుగేళ్ళ కిందట ఆ వేళకి తను నీళ్ళు తోడుతూ ఉండి ఉంటుంది.

“అమ్మకి ఎప్పుడూ చలే పెద్దమ్మా,” అని అమ్మాయి చెప్పుకొచ్చింది. “మాడే ఎండలో వాకిట్లో కూర్చున్నా భుజాల మీద దుప్పటి ఉండాల్సిందే. ఎండ నా మీద పడదే, మా అక్క, నాన్న పడవ తెచ్చి నా మీద అడ్డం పెట్టేసుంటుంది, అనేది. డాక్టరుకి కూడా అదే చెప్పింది, ఆయన బలానికి మందు రాశాడు. మరి నీకు కోపం రాదా అంటే నవ్వేది. అది కారే పడవే, ఒక్కరోజు తోడకపోతే బరువెక్కుతుంది, రెండు రోజులు తోడకపోతే మునుగుతుంది. నాకు చలేస్తోందంటే మా అక్క పొద్దున్నే లేచిందన్నమాట, ఒంట్లో బాగుందన్నమాట. ఆ కబురు నాకు ఇంకెవరు చెప్తారు అనేది.”

ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలోకి కొడుతోంది. సరంగమ్మ ఒడ్డు వైపే చూస్తూ నడుపుతోంది.

“ఒకేఒక్కసారి భయపడింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. పొద్దున్నే లేచి ఒళ్ళు వెచ్చగా ఉందంది. ఎండ తగులుతోందంది. దుప్పటి తీసేసింది. తీసేసి ఒకటే ఏడుపు, అక్కకేదో అయిపోయిందని. రెండు రోజులు చూసింది, మూడు రోజులు చూసింది. నాలుగో రోజు పెట్టె సర్దేసింది. నన్ను కూడా తీసుకెళ్తానని నాకు కొత్త గౌను కుట్టింది. మర్నాడు పొద్దున బస్సు. తీరా బయల్దేరేసరికి గుమ్మంలో నిలబడి అలా వణికింది. చలేస్తోందే, అంది. అక్క లేచిందే, అంది. లోపలికొచ్చి దుప్పటి కప్పుకుని, పెట్టెలోంచి బట్టలన్నీ తీసి మళ్ళీ కొయ్యకి తగిలించేసింది.”

పడవ మెట్టుకి వచ్చి ఆనింది. అమ్మాయి లేవలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, ఆమె మొహంలోకి చూసి అడిగింది.

“ఆ నాలుగు రోజులూ ఏమైంది పెద్దమ్మా?”

సరంగమ్మ గడకి రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఎవరికి చెప్తోందో తెలియనట్టు, ఆరో గుంజ దగ్గరి నీళ్ళ వైపు తిరిగి చెప్పింది.

“జ్వరమొచ్చింది. మంచం దిగలేకపోయాను. పడవ మునిగిపోయింది. ఐదో రోజు లేచి, పైకి లాగి, మళ్ళీ కట్టాను.”